సైనిక వేతనంతో వైద్యవిద్య

పూర్వం మన దేశంలో బీద విద్యార్థి చదువు సాగటానికి ముఖ్యంగా మూడు మార్గాలుండేవి. మొదటిది వారాలు చేసుకోవటం. పట్నంలో ఏడుగురు గృహస్థుల ఇళ్ళలో వారానికొక్కొక్క రోజు చొప్పున భోజనం చేస్తూ, అరుగుమీద పడుకొని, వీధిదీపం క్రింద పాఠం వల్లించి పైకి వచ్చినవారు మన పెద్దలలో ఎందరో ఉన్నారు. రెండవది ధర్మదాతల విద్యార్థి వేతనం. మూడవది, కాబోయే మామగారు చదువుకు డబ్బిచ్చి, పరీక్ష ప్యాసు కాగానే కుమార్తెనిచ్చి వివాహం చేయటం. మొదటి రెండింటిలోను దాత తిరిగి ఏమీ కోరడు. మూడవదానిలో మాత్రం ధనంతోపాటు ఒక షరతు ఉన్నది. ఆ షరతువల్ల కొన్ని కాపురాలు చల్లగా సాగాయి, కొన్ని జన్మంతా కలతలతో గడిచాయి. తేడా అంతా, సంతకం పెట్టిననాడు ఇరుపక్షాలవారు ఆ ఒప్పందాన్ని ఎంత స్పష్టంగా అర్థం చేసుకొన్నారన్న దానిమీదనే ఉండేది.

ఇప్పుడు నేను మనవి చేయబోయేది ఈ మూడవ తరహాకు చెందిన ఒక ఏర్పాటును గురించి. స్థలం అమెరికా సంయుక్త రాష్ట్రాలు. ధనమిచ్చేది ఆ దేశపు సైనికదళాలు. పుచ్చుకొనేది వైద్యుడు కాగోరే పట్టభద్రుడు. తిరిగి చెల్లించవలసింది డబ్బు కాదు, యౌవనంలోని కొన్ని సంవత్సరాలు.

దూరదేశపు సంగతి మనకెందుకని శ్రోతలు అడుగవచ్చు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాల, గుంటూరు వైద్య కళాశాల, హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాల మొదలైన చోట్ల ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి అమెరికాకు వెళ్ళి స్థిరపడిన తెలుగు వైద్యులు ఎందరో ఉన్నారు. వారు ఇక్కడి ప్రభుత్వ కళాశాలల్లో స్వల్పమైన జీతాలు కట్టి చదువుకొని, అక్కడ నేరుగా ఆసుపత్రి శిక్షణలో ప్రవేశించినవారు. చదువు నిమిత్తం లక్షల డాలర్ల అప్పు చేయటమంటే ఏమిటో వారికి అనుభవంలో లేదు. కాని వారి బిడ్డలకు, ఆ తరువాత ఇంజనీర్లుగా వెళ్ళినవారి బిడ్డలకు వైద్యవిద్య ఆ దేశపు పద్ధతిలోనే సాగవలసి ఉన్నది. ఆ ఇళ్ళలో ఇప్పుడు ఈ సైనిక వేతనం మాట వినిపిస్తున్నది. తాతగారు కాకినాడనుంచో కరీంనగరంనుంచో, "మనవాడు సైన్యంలో చేరుతున్నాడటగా, ఏం వచ్చింది?" అని ఆందోళనతో అడగటం కూడా ఉన్నది. అందుచేత విషయం తెలుసుకోవటం అనవసరం కాదు.

మన దేశంలో ఇంటర్మీడియెటు కాగానే విద్యార్థి వైద్య కళాశాలలో చేరుతాడు. అమెరికాలో అట్లా కాదు. అక్కడ సాధారణంగా ముందు నాలుగు సంవత్సరాలు చదివి పట్టభద్రుడు కావాలి. ఆ తరువాత ప్రవేశపరీక్ష వ్రాసి, మరి నాలుగు సంవత్సరాలు వైద్యం చదవాలి. పట్టభద్రులకే వైద్యవిద్య అనే నియమాన్ని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం 1893లో తన వైద్య కళాశాల ప్రారంభించినప్పుడే పెట్టింది. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ ఆ దేశపు వైద్య కళాశాలలన్నింటినీ పరిశీలించి సమర్పించిన నివేదిక తరువాత ప్రవేశ ప్రమాణాలు దేశమంతటా పెరిగాయి. ఎం.డి. పట్టా చేతికి వచ్చిన తరువాత కూడా చదువు ముగియదు. రెసిడెన్సీ అని పిలిచే ఆసుపత్రి శిక్షణ, శాఖను బట్టి మూడు సంవత్సరాల నుంచి ఏడు సంవత్సరాల వరకు పడుతుంది. అంటే 18వ ఏట కళాశాలలో అడుగుపెట్టినవాడు స్వతంత్ర వైద్యుడయ్యేసరికి ముప్పయ్యవ పడి సమీపిస్తుంది, ఒక్కొక్కప్పుడు దాటుతుంది.

ఈ నాలుగేళ్ళ వైద్యవిద్యకు అయ్యే ఖర్చు సామాన్యమైనది కాదు. భోజన వసతులతో కలిపి చూస్తే, రాష్ట్ర ప్రభుత్వ కళాశాలల్లో సైతం మొత్తం 2,50,000 డాలర్లకు మించుతున్నది. ప్రైవేటు కళాశాలల్లో 3,50,000 డాలర్లకు మించుతున్నది. అప్పు చేసి చదివినవారిలో నడిమి విద్యార్థి నెత్తిన, పట్టా పుచ్చుకొనేనాటికి సుమారు 2,00,000 డాలర్ల ఋణం ఉంటున్నది. వడ్డీ నూటికి 8 వంతున లెక్కవేస్తే, అసలు ఒక్క డాలరు తీరకుండానే సంవత్సరానికి 16,000 డాలర్లు, నెలకు 1,300 డాలర్ల పైచిలుకు వడ్డీ క్రిందనే పోతుంది.

ఇంతవరకు ఈ అప్పును చాలా భాగం కేంద్ర ప్రభుత్వమే ఇస్తూ వచ్చింది. వైద్య విద్యార్థి తన కళాశాల నిర్ణయించిన మొత్తం ఖర్చు వరకు ప్రభుత్వం నుంచి అప్పు తెచ్చుకొనే వీలుండేది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ఈ ఏర్పాటును మార్చివేసింది. దాని ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా చేరే వైద్య విద్యార్థికి ప్రభుత్వపు అప్పు ఏడాదికి 50,000 డాలర్లకు, మొత్తంమీద 2,00,000 డాలర్లకు మించరాదు. మిగిలినది తల్లిదండ్రులు భరించాలి, లేదా ప్రైవేటు బ్యాంకుల్లో తేవాలి. ప్రైవేటు బ్యాంకు పూచీదారును అడుగుతుంది, ఆస్తిని చూస్తుంది. కనుక కలిగిన ఇంటి బిడ్డకు ఈ మార్పు ఒక ఇబ్బంది. లేని ఇంటి బిడ్డకు అది మూసుకొన్న తలుపు. ఇటువంటి సమయంలో సైన్యం తెరచి ఉంచిన తలుపు మరింత ఆకర్షణీయంగా కనిపించటంలో ఆశ్చర్యం లేదు.

ఆ తలుపు ఎట్లా ఏర్పడిందో చూద్దాము. కొరియా యుద్ధం ఆరంభమైన 1950లోనే అమెరికా వైద్యులను నిర్బంధంగా సైన్యంలో చేర్చుకొనటానికి ప్రత్యేక శాసనం చేసింది. శిక్షణ మధ్యలో ఉన్న యువ వైద్యుడిని హఠాత్తుగా లాగుకొనిపోవటం ఆసుపత్రులకూ, వైద్యుడికీ, చివరకు సైన్యానికీ నష్టమేనని కొద్ది కాలంలోనే తేలింది. రక్షణశాఖలో ఆరోగ్య వ్యవహారాలు చూస్తుండిన డాక్టర్ ఫ్రాంక్ బెర్రీ 1954లో ఒక పద్ధతి ప్రవేశపెట్టాడు. దాని ప్రకారం యువ వైద్యుడు ముందుగా ఒప్పుకొంటే, తన శిక్షణ ముగించుకొని తరువాత సైన్యంలో చేరవచ్చు. వియత్నాం యుద్ధకాలంలో ఈ పద్ధతి ద్వారానే వేలాది వైద్యులు సైన్యానికి లభించారు. అయితే ఆ యుద్ధంపట్ల దేశంలో పుట్టిన వ్యతిరేకత ఫలితంగా 1973లో నిర్బంధ సైనికసేవ ఆగిపోయింది. బలవంతం పోయిన తరువాత వైద్యులు ఎక్కడినుంచి వస్తారు? ఈ ప్రశ్నకు సమాధానంగా, ఒక సంవత్సరం ముందుగానే, 1972 సెప్టెంబరు 21న ఒక చట్టం అమలులోకి వచ్చింది. లూసియానా ప్రతినిధి ఎడ్వర్డ్ హెబర్ట్ అందుకు చాలకాలం పాటుపడ్డాడు. ఆ చట్టం రెండు సంస్థలకు జన్మ ఇచ్చింది. ఒకటి, ఆరోగ్యవృత్తుల విద్యార్థి వేతనం, అంటే హెల్త్ ప్రొఫెషన్స్ స్కాలర్‌షిప్ ప్రోగ్రాం. రెండవది, సైనికదళాల సొంత వైద్య విశ్వవిద్యాలయం. బలవంతం చేసిన పనిని ఇప్పుడు డబ్బు చేయవలసి వచ్చిందన్నమాట.

విద్యార్థి వేతనం పొందినవాడు తనకు ప్రవేశం లభించిన ఏ గుర్తింపుగల పౌర వైద్య కళాశాలలోనైనా చదువుకోవచ్చు. కళాశాల జీతం పూర్తిగా సైన్యమే చెల్లిస్తుంది. పుస్తకాలు, అవసరమైన పరికరాల ఖర్చు ఇస్తుంది. వీటికితోడు సంవత్సరంలో పదిన్నర నెలలపాటు నెలకు 2,800 డాలర్లకు పైగా జీవనభృతి ముట్టుతుంది. చేరేటప్పుడు 20,000 డాలర్ల పారితోషికం కూడా ఉన్నది. విద్యార్థి ఈ కాలమంతా సైన్యపు రిజర్వులో అధికారిగా నమోదై ఉంటాడు. సైన్యంలోను విమానదళంలోను సెకండ్ లెఫ్టినెంటు హోదా, నౌకాదళంలో ఎన్సైన్ హోదా. అయినా నిత్యమూ యూనిఫారం ధరించనక్కరలేదు, కవాతు చేయనక్కరలేదు. సంవత్సరానికి 45 రోజులు మాత్రం క్రియాశీల సేవలో ఉండి, ఆ హోదాకు తగిన పూర్తి జీతం తీసుకొంటాడు. ఒక సంవత్సరం ఆ రోజులు అధికారుల శిక్షణలో గడుస్తాయి. తరువాత సైనిక ఆసుపత్రుల్లో రోగుల పడకల దగ్గర గడుస్తాయి. పట్టా రాగానే సైన్యంలో కాప్టెన్, నౌకాదళంలో లెఫ్టినెంటు అవుతాడు.

ఇక చెల్లించవలసినదాని సంగతి. సూత్రం వినటానికి చాలా సులభం. ఎన్ని సంవత్సరాలు సహాయం పొందితే అన్ని సంవత్సరాలు సైనిక వైద్యుడుగా పనిచేయాలి. నాలుగేళ్ళకు నాలుగేళ్ళు. ప్రకటన పత్రాల్లో పెద్ద అక్షరాలతో ఉండేది ఈ వాక్యమే. కాని శ్రోతలు గమనించవలసిన ముడి ఒకటి ఇందులో ఉన్నది. రెసిడెన్సీ శిక్షణలో గడిచే సంవత్సరాలు ఈ నాలుగింటిలో చేరవు. సైనిక ఆసుపత్రిలోనే, యూనిఫారంతోనే, రాత్రింబగళ్ళు పనిచేస్తూ శిక్షణ పొందినా ఆ కాలంవల్ల విద్యార్థి వేతనపు బాకీ తీరదు. పైగా సైన్యం ఇచ్చే ఆ శిక్షణకు వేరే ఒక బాకీ ఏర్పడుతుంది. సాధారణంగా ఈ రెండు బాకీలూ ఒకేసారి, ఒకదాని వెంట ఒకటి కాకుండా జమిలిగా తీరుతాయి. అందుచేత చాలమందికి భారం పెరగదు. కాని దీర్ఘమైన శాఖను, దానిపైన మరొక ఉపశాఖను ఎన్నుకొన్నవారికి మొత్తం గడువు పెరిగిపోవచ్చు.

లెక్క వేసి చూద్దాము. ఒకడు 22వ ఏట ఒప్పందంపై సంతకం పెట్టాడనుకొందాము. 26వ ఏట పట్టా వస్తుంది. శస్త్రచికిత్స నేర్చుకొంటే రెసిడెన్సీ ఐదేళ్ళు, 31వ ఏడు. అప్పుడు ఆరంభమవుతుంది అసలు బాకీ. అది తీరేసరికి 35 నిండుతాయి. కాగితంమీద నాలుగు సంవత్సరాలుగా కనిపించినది, జీవితంలో పదమూడు సంవత్సరాలుగా పరిణమించింది. ఈలోగా వివాహం జరుగుతుంది, పిల్లలు పుడతారు, భార్యకు వేరొక ఊరిలో ఉద్యోగం ఉండవచ్చు, స్వదేశంలో తల్లిదండ్రులు వృద్ధులవుతారు. 22 ఏళ్ళవాడు 35 ఏళ్ళవాడి పక్షాన పెట్టే సంతకం అది. ఇక సర్వీసు మొత్తం గడువు చట్టరీత్యా ఎనిమిది సంవత్సరాలు. క్రియాశీల సేవ పోగా మిగిలిన కాలంలో పేరు రిజర్వు జాబితాలో ఉంటుంది. దేశానికి అవసరం వచ్చినపుడు పిలుపు రావచ్చు.

రెండవ ముడి శాఖను ఎన్నుకొనే స్వాతంత్ర్యానికి సంబంధించినది. పౌర విద్యార్థులకు ఏ ఆసుపత్రిలో శిక్షణ లభించిందో మార్చి నెలలో తెలుస్తుంది. సైనిక విద్యార్థులకు వేరే ఎంపిక ఉన్నది. దాని ఫలితాలు డిసెంబరులోనే వస్తాయి. ఆ ఎంపికలో సైన్యానికి ఆ ఏడు ఏ శాఖలో ఎందరు కావాలన్నదే ప్రధానం. కొందరికి సైనిక ఆసుపత్రిలో కోరిన శాఖ దొరుకుతుంది. కొందరిని పౌర ఆసుపత్రిలో శిక్షణ ముగించుకొని రమ్మని అనుమతిస్తారు. మరికొందరికి ఒక్క సంవత్సరం శిక్షణ మాత్రమే ఇచ్చి, సాధారణ వైద్యాధికారిగా పంపుతారు. ఓడలమీద, జలాంతర్గాముల నావికుల దగ్గర, విమానచోదకుల దగ్గర, సముద్రసైనికుల పటాలంలో రెండు మూడేళ్ళు పనిచేసి, ఆ తరువాత మళ్ళీ శిక్షణకు దరఖాస్తు పెట్టుకోవాలి. నౌకాదళంలో ఈ ఆచారం బహుళంగా ఉంటూ వచ్చింది. ఈ సేవాకాలం బాకీలో జమ పడుతుంది. చిన్నవయస్సులో పెద్ద బాధ్యత మీద పడటంవల్ల మనిషి రాటుదేలుతాడనేవారున్నారు. చదువుకొన్నది మరచిపోయే ప్రమాదం ఉన్నదనేవారూ ఉన్నారు. రెండింటిలోను నిజం ఉన్నది.

ఆర్థికంగా ఇది లాభమా నష్టమా అన్నదానికి ఒకే జవాబు లేదు. ఉదాహరణకు కొన్ని అంకెలు ఊహించుకొందాము. కళాశాల జీతం ఏటా 65,000 డాలర్లనుకొంటే నాలుగేళ్ళకు 2,60,000. జీవనభృతి నాలుగేళ్ళకు సుమారు 1,20,000. చేరినప్పటి పారితోషికం 20,000. మొత్తం 4,00,000 డాలర్లు. ఇది సైన్యం ఇచ్చినది. ఇప్పుడు కుటుంబవైద్యుడిని తీసుకొందాము. అతనికి బయట సంపాదన సైనిక జీతంకంటె ఏటా 70,000 డాలర్లు ఎక్కువనుకొంటే, నాలుగేళ్ళలో అతడు వదులుకొన్నది 2,80,000. అతనికి మిగిలింది 1,20,000 డాలర్ల లాభం, అప్పు లేని నిద్ర. ఎముకల శస్త్రవైద్యుడిని తీసుకొందాము. బయట సంపాదన ఏటా 2,50,000 డాలర్లు ఎక్కువనుకొంటే, నాలుగేళ్ళలో వదులుకొన్నది 10,00,000. అతనికి 6,00,000 డాలర్ల నష్టం. రెసిడెన్సీ కాలంలో సైనిక జీతం పౌర జీతంకంటె మెరుగు కనుక ఈ నష్టం కొంత తగ్గుతుంది. తప్పిన వడ్డీవల్ల మరికొంత తగ్గుతుంది. అయినా దిశ మారదు. చిత్రమేమిటంటే, వైద్యశాస్త్రంలో తాను ఏ శాఖవాడు కాబోతున్నాడో 22 ఏళ్ళవానికి తెలియదు. తెలియకముందే ఈ లెక్క ముగించి సంతకం పెట్టాలి. అందువల్లనే, కేవలం డబ్బుకోసమే అయితే ఇందులో చేరవద్దని అనుభవజ్ఞులైన సైనిక వైద్యులే సలహా ఇస్తారు.

1972 చట్టం నెలకొల్పిన రెండవ సంస్థ మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డాలో ఉన్నది. యూనిఫారం సేవల వైద్య విశ్వవిద్యాలయమని దాని పేరుకు అర్థం. అందలి వైద్య కళాశాలకు హెబర్ట్ పేరే పెట్టారు. 1976లో మొదటి తరగతి చేరింది. 1980లో తొలి పట్టభద్రులు బయటకు వచ్చారు. అక్కడ జీతం కట్టే ప్రసక్తి లేదు. విద్యార్థి మొదటి రోజునుంచి క్రియాశీల సేవలో ఉన్న అధికారి. పూర్తి వేతనం, ఇంటి భత్యం పుచ్చుకొంటాడు, నిత్యం యూనిఫారం ధరిస్తాడు. ప్రతిగా రెసిడెన్సీ తరువాత ఏడు సంవత్సరాల సేవ చేయాలి. విద్యార్థి వేతనం తీసుకొనేవాడు సైన్యంతో పరిచయం చేసుకొంటున్నాడు. ఇక్కడ చేరేవాడు సైన్యాన్నే జీవితంగా ఎంచుకొంటున్నాడని స్థూలంగా చెప్పవచ్చు. ఇవిగాక, పట్టా వచ్చి పౌర ఆసుపత్రిలో రెసిడెన్సీ చేస్తున్న వైద్యులకు ఏటా 45,000 డాలర్లు, దానిపైన నెలసరి భృతి ఇచ్చే మరొక ఏర్పాటు కూడా ఉన్నది. దీనిలో శాఖ ఏదో తేలిన తరువాతనే సంతకం పెట్టవచ్చు గనుక, ఇంతకుముందు చెప్పిన అనిశ్చితి తగ్గుతుంది. కాని అప్పటికే కళాశాల అప్పు నెత్తిమీద ఉంటుంది.

డబ్బు సంగతి ఇంతటితో చాలు. అంతకంటె గొప్ప సంగతి మరొకటి ఉన్నది. సైన్యం యుద్ధం చేయటానికి ఉన్నది. సైనిక వైద్యుడు యుద్ధం చేయడు. జెనీవా ఒడంబడికల ప్రకారం అతడు రక్షణకు అర్హుడు, శత్రుపక్షపు క్షతగాత్రునికి కూడా చికిత్స చేయటం అతని ధర్మం. అయినా యుద్ధం ఎక్కడ జరిగితే అతడు అక్కడికి వెళ్ళాలి. ఎప్పుడు, ఎంతకాలం అనేది అతని ఇష్టం కాదు. నచ్చకపోతే రాజీనామా ఇచ్చి వచ్చే ఉద్యోగం కాదది. ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాలలో ఈ విద్యార్థి వేతనంమీద చదివిన వైద్యులు పనిచేశారు. అక్కడ రక్తస్రావాన్ని అరికట్టటంలో వారు నేర్చిన పాఠాలు ఈనాడు రోడ్డు ప్రమాదాల క్షతగాత్రులను కూడా రక్షిస్తున్నాయి. 1900లో క్యూబాలో పచ్చజ్వరం దోమలవల్ల వ్యాపిస్తుందని నిరూపించిన వాల్టర్ రీడ్ సైనిక వైద్యుడే. సైనిక వైద్యానికి గౌరవప్రదమైన చరిత్ర ఉన్నదనటంలో సందేహం లేదు.

కాని మనస్సాక్షి మాటేమిటి? చదువుకు సైన్యపు ధనం పుచ్చుకొని, శిక్షణ ముగిసేనాటికి యుద్ధంలో ఏ రూపంగానైనా పాల్గొనటం తమ విశ్వాసానికి విరుద్ధమని నిశ్చయించుకొన్న వైద్యులు కొందరున్నారు. సైన్యం వారి విజ్ఞప్తిని నిరాకరించింది. వ్యవహారం న్యాయస్థానాలకు వెళ్ళింది. 2008లో ఒక అప్పీలు న్యాయస్థానం, 2009లో మరొకటి వైద్యుల పక్షాన తీర్పు చెప్పాయి. విశ్వాసం నిజాయితీగా మారవచ్చుననీ, మారినంతమాత్రాన అతడు బాకీ ఎగవేయటానికే అట్లా చెప్పుతున్నాడని అనరాదనీ ఆ తీర్పుల సారాంశం. అయితే ఆ మార్గం ఎంత కష్టతరమైనదో ఈ వ్యాజ్యాలే చెప్పుతున్నాయి. చదువు మధ్యలో మానినవాడికి కూడా విముక్తి తేలిక కాదు. సైన్యం తాను వెచ్చించిన సొమ్మును తిరిగి అడగవచ్చు; లేదా వైద్యుడుగా కాకపోయినా వేరే హోదాలో సేవ చేయమనవచ్చు. ఏది అన్నది నిర్ణయించేది సైన్యమే.

మన తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా వర్తించే నియమం ఒకటి ఉన్నది. ఈ వేతనం అమెరికా పౌరులకు మాత్రమే. అక్కడ పుట్టిన బిడ్డకు చిక్కు లేదు. కాని శైశవంలో తల్లిదండ్రుల వెంట వెళ్ళి, అక్కడి బడిలోనే అక్షరాలు దిద్దుకొని, ఇంకా ఆశ్రితుల వీసామీదనే ఉన్న పిల్లలు ఎందరో ఉన్నారు. భారతీయులకు శాశ్వత నివాసపు అనుమతికి వరుస దీర్ఘంగా ఉండటంచేత, తల్లిదండ్రుల వంతు రాకముందే ఈ పిల్లలకు 21 ఏళ్ళు నిండి, ఆశ్రిత హోదా తొలగిపోతుంటుంది. వారికి ఈ తలుపు లేదు. పైన చెప్పిన ప్రభుత్వపు అప్పు కూడా లేదు. శాశ్వత నివాసపు కార్డు ఉన్నవారికి ప్రభుత్వపు అప్పు దొరుకుతుంది గాని, సైనిక వేతనం పౌరసత్వం వచ్చేవరకు దొరకదు. ఒకే వీధిలో, ఒకే బడిలో చదివిన అన్నదమ్ములిద్దరిలో తమ్ముడు అర్హుడు, అన్న అనర్హుడు కావటం సంభవమే. దేహదార్ఢ్య పరీక్ష కూడా కఠినమైనదే. ఉదాహరణకు పదమూడవ ఏడు దాటిన తరువాత ఉబ్బసం ఉన్నవారికి ప్రత్యేక మినహాయింపు లభిస్తేనే ప్రవేశం.

సైన్యం తప్ప వేరే దారి లేదా అంటే, ఉన్నది. 1970లో ఏర్పడిన జాతీయ ఆరోగ్యసేవా దళం కూడా విద్యార్థి వేతనాలు ఇస్తుంది. దానికీ పౌరసత్వం కావాలి. కాని అక్కడ యూనిఫారం లేదు, యుద్ధం లేదు. వైద్యులు కరవైన పల్లెలలో, పేట వాడలలో ప్రాథమిక వైద్యుడుగా, పొందిన సంవత్సరానికొక సంవత్సరం, కనీసం రెండేళ్ళు పనిచేయాలి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. 2007 చట్టం ప్రకారం, ప్రభుత్వపు అప్పు తీసుకొని, ప్రభుత్వ ఆసుపత్రిలోనో ధర్మసంస్థ ఆసుపత్రిలోనో పనిచేస్తూ 120 నెలసరి వాయిదాలు చెల్లించినవారికి మిగిలిన అప్పు మాఫీ అవుతుంది. రెసిడెన్సీ కాలం కూడా ఇందులో లెక్కకు రావటం వైద్యులకు అనుకూలం. మన దేశంలో ఇటువంటి ఒప్పందానికి చిరపరిచితమైన ఉదాహరణ పుణె లోని సాయుధ దళాల వైద్య కళాశాల. 1948లో నెలకొన్న ఆ సంస్థలో 1962 నుంచి ఎం.బి.బి.ఎస్. బోధిస్తున్నారు. అక్కడ చదివినవారు సైనికాధికారులుగా సేవ చేయటానికి బద్ధులు. కాని అక్కడ సంతకం పెట్టేది ఇంటర్మీడియెటు ముగించిన పిల్లవాడు. అమెరికాలో పెట్టేది పట్టభద్రుడు. ఆ నాలుగేళ్ళ వయోభేదం వివేకంలోను ఉంటే మంచిదే.

ఇట్టి ఒప్పందాన్ని చూస్తున్న యువకుడు గాని యువతి గాని తనను తాను అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అప్పు అనేదే లేకపోతే, నేను సైనిక వైద్యుడిని కావాలని కోరుకొంటానా? నాకు ఇష్టమైన శాఖ దొరకకపోతే, దొరికినదానిలో మనసు పెట్టి పనిచేయగలనా? నాకు సమ్మతం కాని యుద్ధానికి నా దేశం పూనుకొంటే, గాయపడినవాడి పక్కన నిలబడటానికి ఆ అసమ్మతి అడ్డువస్తుందా? నాతో జీవితం పంచుకోబోయేవారికి ఈ సంగతి చెప్పానా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాత, సైన్యంలో చేర్పించే అధికారి నోటిమాటగా ఇచ్చిన ప్రతి హామీని ఒప్పందపత్రంలో వెతకాలి. పత్రంలో లేని హామీ లేనట్లే. నాలుగైదేళ్ళ క్రితం ఇదే వేతనంమీద చదివి, ఇప్పుడు సేవలో ఉన్న వైద్యులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడటం అన్ని పుస్తకాలకంటె మేలు.

మొదటి ప్రశ్నకు ఔనని జవాబు వచ్చినవారు నిశ్చింతగా చేరవచ్చు. వారికి ఈ వేతనం వరమే. కాదని తోచినవారు అప్పుకు భయపడి సంతకం పెట్టకుండా ఉండటమే క్షేమం. డబ్బు అప్పు ఎంత పెద్దదైనా దాన్ని వాయిదాలలో తీర్చవచ్చు, ఎక్కువ సంపాదించి త్వరగా తీర్చవచ్చు. కాలం అప్పుకు ముందుగా చెల్లించే వీలు లేదు. అది రోజుకొక రోజు చొప్పున, తన వేగంతో తానే తీరాలి. బిడ్డలను వైద్యులుగా చూడగోరే తల్లిదండ్రులు, జీతం ఎంత, భృతి ఎంత అని విచారించటానికి ముందు, ఈ వ్యత్యాసాన్ని వారితో తీరికగా కూర్చుండి మాట్లాడటం అవసరం.